ఆడామగా సమానమని మొట్టమొదట అన్నవాళ్లు ఏమని వాదించారు? (పొదుపు సంఘం మీటింగ్‌కి సాయం కావాలి)

కవిటి కొబ్బరితోట · ఫిబ్రవరి 19, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నేను ఉద్దానంలో ఎలిమెంటరీ స్కూల్ టీచర్ని. మార్చి 8న మా ఊరి పొదుపు సంఘాల మీటింగ్‌లో పావుగంట మాట్లాడమన్నారు. కిందటేడు కూడా నేనే మాట్లాడాను. విమానం నడిపినావిడ, బ్యాంకుకి చైర్మన్ అయినావిడ అంటూ పేర్లు చదువుకుంటూ పోయాను. వెనక వరసలో ఒక ముసలమ్మ కూర్చున్నచోటే నిద్రపోయింది. ఆవిడ తప్పేం లేదు. తెల్లారకుండా లేచి, జీడిపిక్కలు కొట్టి, ఆ నల్లటి వేళ్లతోనే వచ్చి కూర్చుంది. మీటింగ్ అయ్యాక ఒక పెద్దాయన నవ్వుతూ, "ఇవన్నీ టీవీలొచ్చాక పుట్టిన మాటలు టీచరమ్మా" అన్నారు. నాకు జవాబు తట్టలేదు. ఇంటికొచ్చి అన్నం తింటున్నప్పుడు కూడా అదే గుర్తొచ్చింది.

ఈసారి పేర్లు చదవను. ఆడవాళ్లకి ఓటు లేదు, బడి లేదు అన్న రోజుల్లో "ఇద్దరూ సమానమే" అన్నవాళ్లు ఉంటారు కదా. వాళ్లు ఏం చెప్పి ఎదుటివాడి నోరు మూయించబోయారు? ఆ వాదన కావాలి. వినేవాళ్లలో సగం మంది ఈమధ్యే సంతకం నేర్చుకున్నవాళ్లు. అది గుర్తుపెట్టుకుని చెప్పండి.

బొంకులదిబ్బ · ఫిబ్రవరి 19, రాత్రి 9:51

టీవీలొచ్చాకనా! ఆ పెద్దాయన్ని ఓసారి మా విజయనగరం పంపించండి, కోట ముందు నిలబెట్టి చెప్తాను.

కన్యాశుల్కం నాటకం ఇక్కడ మొదట ఆడింది 1892లో. పుస్తకంగా వచ్చింది 1897లో. దానికి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట చాలామంది చదవరు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు తీసుకుని చేసిన పెళ్లిళ్లకి ఆనందగజపతి మహారాజు జాబితా తీయించారు. మూడేళ్లకి 1,034 తేలాయి. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు! ఆ పసికందుల ధర తలకి 350 నుంచి 400 రూపాయలు.

"ఇది తప్పు నాయనా" అని ఎవరి కాళ్లూ పట్టుకోలేదు చూడండి. లెక్క తీసి ముందు పెట్టారు. నా దృష్టిలో మన ప్రాంతంలో పుట్టిన అతి గట్టి వాదన అదే.

నాగావళి · ఫిబ్రవరి 19, రాత్రి 10:30

బొంకులదిబ్బ గారూ, లెక్క బాగుంది. గురజాడంటే నాకూ ప్రాణమే. కానీ టీచర్ గారు అడిగింది సమానత్వం గురించి. "పాపం, పసిపిల్లని అమ్మేస్తున్నారే" అన్నది జాలి. "ఆ పిల్లా నువ్వూ ఒకటే" అన్నది ఇంకో మాట. జాలిపడేవాడు పైమెట్టు మీదే ఉంటాడు. సంస్కరణ రాతల్లో సగం ఆ మెట్టు దిగవు.

పోల్చి అడిగిన మనిషి కావాలంటే తారాబాయి షిందే. మరాఠీ ఆవిడ, ఊరు బుల్ధానా. 1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువు పుట్టిన బిడ్డని చంపిందని ఉరిశిక్ష వేశారు, తర్వాత తగ్గించారు. ఇక ఆడదాని నీతి గురించి పత్రికల్లో మగవాళ్లు ఒకటే ఉపన్యాసాలు. దానికి మండిపోయి 1882లో ఆవిడ ఒక చిన్న పుస్తకం వేసింది. పేరే స్త్రీ పురుష తులన. తులన అంటే తూకం. మన నాటకం స్టేజీ ఎక్కడానికి పదేళ్ల ముందు మాట.

పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. ఆడదానికి మీరు అంటగట్టే ఒక్కో అవగుణమూ తీయండి, అది మీలో లేదా చూసుకోండి అంటుంది. పెళ్లాం పోయిన పది రోజులకి ఇంకో పిల్లని తెచ్చుకుంటారు కదా, మొగుడు పోయినదానికి మాత్రం అన్నీ ఎందుకు మూతపడతాయి అంటుంది. ఆ విజయలక్ష్మి కేసులో బిడ్డకి తండ్రి ఒకడు ఉండే ఉంటాడుగా. బోనులో అతను లేడు. ఈ చివరి మాట నాది. రోజూ కోర్టుకెళ్లే మనిషిని, నాకు ముందు అదే కనపడుతుంది.

పాత రాజాం · ఫిబ్రవరి 20, ఉదయం 6:15

పెద్దవాణ్ణి, ఓ మాట చెప్తాను, కోప్పడకండి. మన దగ్గర ఆడదాన్ని తక్కువ చేసిందెవరు? పైడితల్లి అమ్మవారి పండక్కి రెండు మూడు జిల్లాలు కదిలొస్తాయి. ఇంట్లో పెత్తనం అంతా ఆడవాళ్లదే. తేడాలున్నాయంటే అవి సహజం. కొబ్బరిచెట్టూ జీడిమామిడిచెట్టూ సమానమా అని ఎవరైనా అడుగుతారా? దాని కాపు దానిది, దీని కాపు దీనిది. ఈ తూకాలు తెల్లవాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్నవి.

చీపురుపల్లి చిన్నోడు · ఫిబ్రవరి 20, ఉదయం 7:40

తాతగారూ, పండగ అమ్మవారిదే. ఊరేగింపులో సిరిమాను దూలం ఎక్కేది మాత్రం పూజారి 🙂

పాత రాజాం · ఫిబ్రవరి 20, ఉదయం 7:58

ఆయన ఎక్కినప్పుడు ఆయనలో జనం చూసేది అమ్మవారినే. అరటిపళ్లు విసిరేది ఎవరికి అనుకుంటున్నావు? తెలియకపోతే అడగాలి, నవ్వకూడదు.

నిర్వాహకుడు · ఫిబ్రవరి 20, ఉదయం 8:30

సిరిమాను చర్చకి వేరే చోటుంది. ఇక్కడ వద్దు, ఇద్దరికీ చెప్తున్నాను.

లెక్కల మాస్టారు (బొబ్బిలి) · ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 2:10

పాత రాజాం గారూ, మీ చెట్టు పోలిక చూసి నవ్వొచ్చింది. వెటకారం కాదండీ, సరిగ్గా చెట్టు పోలికతోనే మీకు 1869లో జవాబు చెప్పినాయన ఉన్నాడు. ఇంగ్లండు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్. ఆయన అన్నదాని సారం ఇది: ఒకే చెట్టులో సగాన్ని వెచ్చటి ఆవిరిలో ఉంచి పెంచారు, సగాన్ని మంచులో పెట్టారు. పెంచినవాళ్లు ఆ సంగతి మర్చిపోయి, చెట్టు తనంతట తానే ఇలా పెరిగింది అంటున్నారు. కాబట్టి ఆడదాని స్వభావం ఏమిటో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలంటే ముందు మంచు తీయాలి.

ఇంకోటి కూడా అన్నాడు. అది నాకు మరీ ఇష్టం, లెక్కలోళ్లకి నచ్చే మాట. ఆడది ఫలానా పని ప్రకృతిసిద్ధంగా చేయలేదు అంటారు కదా. అలాంటప్పుడు దాన్ని నిషేధిస్తూ చట్టం ఎందుకు? చేప చెట్టెక్కకూడదని ఎవరైనా జీవో ఇస్తారా? (చేప నాది, వాదన ఆయనది.) నిషేధం ఉందంటే చేయగలరన్న అనుమానం నిషేధించినవాడికే ఉన్నట్టు.

ఈయన నోటి మాటతో ఊరుకోలేదు. 1867లో అక్కడి పార్లమెంటులో ఓటు హక్కు బిల్లు మీద, ఆడవాళ్లకీ ఓటు ఇవ్వాలని సవరణ పెట్టాడు. వచ్చినవి 73, వ్యతిరేకం 196. ఓడిపోయాడనుకోండి. కానీ ఆ రోజుల్లో 73 మంది మగవాళ్లు చెయ్యెత్తారు, అది చిన్న సంఖ్య కాదు.

ఇక అరువు సంగతి. మిల్‌కి రెండు వందల ఏళ్ల ముందు, 1673లో, ఫ్రాన్సులో పూలాఁ ద లా బార్ అని ఒకాయన, మగవాళ్లు ఆడవాళ్ల గురించి రాసినదంతా అనుమానంగా చూడాలి అన్నాడు. ఎందుకంటే ఈ తగువులో వాదీ వాళ్లే, తీర్పరీ వాళ్లే. మన ఊళ్లో రావిచెట్టు కింద పెద్దమనుషుల తగువు ఎప్పుడైనా చూశారా? గట్టు మీద కూర్చున్నవాళ్లలో ఒక్క చీర అంచైనా కనపడుతుందా? ఇది అర్థం కావడానికి ఫ్రాన్సు దాకా వెళ్లక్కర్లేదు.

చీపురుపల్లి చిన్నోడు · ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 2:25

చేప జీవో 😂 మాస్టారూ, ఇది మా కాలేజీ గ్రూపులో వాడేసుకుంటున్నా.

ఆమదాలవలస జంక్షన్ · ఫిబ్రవరి 20, రాత్రి 8:05

తెలివి సంగతి సరే, బలం సంగతి ఎవరూ ఎత్తరేంటి? అసలు వాదన అక్కడే ఆగిపోతుంది ఎప్పుడూ. ఇంగ్లండు రచయిత్రి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ కూడా అక్కడే తగ్గింది. 1792లో ఆవిడ రాసిన పుస్తకం తెలుగు అనువాదం కోసం వెతికి వెతికి, చివరికి ఇంగ్లీషులోనే కుస్తీ పట్టి చదివాను. ఒంటి బలంలో మగవాడిది పైచేయి అని మొదట్లోనే ఒప్పేసుకుంటుంది. ఒప్పుకుని, బుద్ధికి ఆడా మగా ఏంటి అని మొదలెడుతుంది. ఆడపిల్లని మగవాడికి నచ్చేలా పెంచితే చాలని తత్వవేత్త రూసో రాశాడు కదా, ఆయన్ని మాత్రం వదలదు. చిన్నప్పట్నుంచి గదిలో కూర్చోబెట్టి అలంకారాలు నేర్పి, పెద్దయ్యాక 'తెలివి లేదు' అనడం ఏం న్యాయం అంటుంది. ఆడా మగా పిల్లలు ఒకే బడిలో కలిసి చదవాలని అప్పుడే అడిగింది.

అయితే ఆ బలం ఒప్పుకోలు చదివినప్పుడు నాకు మా పక్కూరు ఊసవానిపేట గుర్తొచ్చింది. కరణం మల్లీశ్వరి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో, 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో మన దేశపు ఆడవాళ్లకి అదే మొదటి పతకం. ఒకే ఊపులో తల మీదకెత్తే స్నాచ్‌లో 110, రెండు దశల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130. అంటే ఒకటిన్నర వడ్ల బస్తాకి పైనే. మా నాన్న ఒక బస్తా వీపు మీదకి ఎత్తుకోవడానికి ఇద్దర్ని పిలుస్తాడు. విజయనగరం పక్కన కొండవెలగాడలో ఇప్పటికీ ఆడపిల్లలు వెయిట్‌లిఫ్టింగ్ చేస్తూనే ఉన్నారు. వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఆవిడకి ఓసారి చూపించాల్సింది.

పాత రాజాం · ఫిబ్రవరి 20, రాత్రి 8:40

ఒక్క మల్లీశ్వరిని చూపించి అందరూ అంతే అనడం లెక్కలో తప్పు కాదా మాస్టారూ?

లెక్కల మాస్టారు (బొబ్బిలి) · ఫిబ్రవరి 20, రాత్రి 9:15

తప్పే. కానీ "ఏ ఒక్కరూ చేయలేరు" అన్నదాన్ని కొట్టేయడానికి ఒక్కరు చాలు. మీరు ఏ మాట అంటున్నారో ముందు తేల్చండి.

రాట్నం · ఫిబ్రవరి 21, మధ్యాహ్నం 3:30

మాది పొందూరు. మీరంతా చదువుకున్నవాళ్లు, నేను పదో తరగతి. అయినా ఓ సందేహం.

ఆ లండన్ ఆవిడ ఎవరి గురించి రాసింది? గదిలో కూర్చుని అలంకరించుకునేవాళ్ల గురించి. మా ఇంట్లో అలాంటివాళ్లు ఏ తరంలోనూ లేరు. మా అత్త వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతూనే చూపు పోగొట్టుకుంది. సన్నటి పళ్లుంటాయి దానికి, దూదిలోంచి ఒక్కో పోగూ విడదీయాలి. తర్వాత ఏకడం, ఏకులు చుట్టడం, వడకడం, అన్నీ ఆడవాళ్లే. మగ్గం దగ్గరకొచ్చేసరికి మగవాళ్లు. బయటివాళ్లు ఎవరైనా ఫోటో తీయడానికొస్తే మగ్గం ముందు ఆగుతారు. నేసినాయన పేరు అడుగుతారు. నూలు ఎవరు తీశారు అని ఒక్కరూ అడగరు.

ఊడుపుల్లో ఆడకూలీ ఒక రేటు, మగకూలీ ఒక రేటు. నడుం వంచింది ఒకే మడిలో. మమ్మల్ని ఎవరూ "నువ్వు బలహీనురాలివి, పని చేయకు" అనలేదు. పనికి అడ్డం రాని ఆడతనం కూలీ దగ్గరే ఎందుకు అడ్డమొస్తుందో, దాని గురించి ఆ పాతవాళ్లు ఎవరైనా మాట్లాడారా?

నాగావళి · ఫిబ్రవరి 21, రాత్రి 10:05

అక్కా, నమస్కారం. మూడు రోజుల్నుంచి మేమంతా తిరిగింది ఈ ప్రశ్న చుట్టూనే, ముట్టుకోలేకపోయాం.

ఒకావిడ మాట్లాడింది. సోజర్నర్ ట్రూత్. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో బానిసగా పుట్టి, 1826లో తప్పించుకున్న మనిషి. చదవడం రాయడం రాదు. 1851 మే నెలలో ఒహైయోలోని ఆక్రన్ ఊళ్లో స్త్రీల హక్కుల సభలో లేచి నిలబడి మాట్లాడింది. ఆవిడ చెప్పిందీ మీరు చెప్పిందీ ఒకటే. ఏ మగాడికైనా ఉన్నంత కండ నాకుంది, దున్నాను, కోత కోశాను, ఇంతకంటే ఏం చేస్తాడు మగాడు అంది. "నేను ఆడదాన్ని కాదా" అని నాలుగుసార్లు అడుగుతుంది చూడండి, అది చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

చీపురుపల్లి చిన్నోడు · ఫిబ్రవరి 21, రాత్రి 10:50

నాగావళి మేడమ్, ఒక చిన్న దిద్దుబాటు. ఆ "ఆడదాన్ని కాదా" అన్న మాట సభ జరిగిన మరుసటి నెలలో పత్రికలో అచ్చయిన రిపోర్టులో లేదు. పన్నెండేళ్ల తర్వాత, 1863లో, ఆ సభకి అధ్యక్షత వహించిన గేజ్ అనే తెల్లావిడ గుర్తు చేసుకుని రాసిన దాంట్లో వచ్చింది. అంతకంటే ఘోరం, అందులో సోజర్నర్ చేత దక్షిణాది బానిసల యాస మాట్లాడించింది. ఈవిడ ఉత్తరాది మనిషి, పైగా చిన్నప్పుడు ఇంట్లో మాట్లాడింది డచ్ భాష! ఆ యాస ఆవిడది అయ్యే అవకాశమే లేదు.

సెమినార్ పేపర్ కోసం చదివాను. చదువుతుంటే మన సినిమాల్లో పనిమనిషి పాత్రకి, బఫూన్ పాత్రకి మన శ్రీకాకుళం యాస తగిలిస్తారే, అది గుర్తొచ్చి మండింది.

నాగావళి · ఫిబ్రవరి 21, రాత్రి 11:02

తమ్ముడూ, ఇన్నేళ్లూ తప్పు చెప్తూ వచ్చాను. థాంక్స్. రెండు సభల్లో చెప్పాను కూడా, ఇప్పుడేం చేయాలి!

మొదటి రిపోర్టులో ఉన్న మాట ఒకటి మాత్రం నాకు బాగా గుర్తు. అక్కడి కొలతలు పైంట్, క్వార్ట్. తెలివి సంగతికొస్తే, ఆడదానికి ఒక పైంట్, మగవాడికి ఒక క్వార్ట్ అనే అనుకుందాం, ఆ చిన్న పైంటైనా నిండా నింపుకోనివ్వరేం అంటుంది. హక్కులిస్తే మేం మరీ ఎక్కువ పట్టుకుపోతామని భయపడకండి, మా పైంట్‌లో పట్టినంతకి మించి ఎలాగూ పట్టదు అంటుంది. టీచర్ గారికి ఇది పనికొస్తుందనిపిస్తోంది, కానీ పైంట్ అంటే పెయింట్ అనుకుంటారు మనవాళ్లు.

రాట్నం · ఫిబ్రవరి 22, ఉదయం 5:50

ఆ క్వార్ట్‌లో పైంట్ ఎంత?

లెక్కల మాస్టారు (బొబ్బిలి) · ఫిబ్రవరి 22, ఉదయం 6:30

సరిగ్గా సగం.

రాట్నం · ఫిబ్రవరి 22, ఉదయం 6:34

అయితే తవ్వ, మానిక అని చెప్పండి.

పాత రాజాం · ఫిబ్రవరి 22, ఉదయం 6:50

మానికకి రెండు తవ్వలు, నిజమే. మా ఇంట్లో మా అమ్మ నాటి ఇత్తడి తవ్వ ఇంకా ఉంది. టీచరమ్మా, మీ వాదన నేను ఒప్పుకున్నట్టు కాదు. ఆడదానికి తవ్వెడే అని ఆవిడే ఒప్పేసుకుంటోందిగా మరి? కానీ తవ్వ కావాలంటే చెప్పండి, మా మనవడు పలాస వస్తున్నాడు, పంపిస్తాను.

నాగావళి · ఫిబ్రవరి 22, ఉదయం 9:10

ఒప్పుకోవడం లేదండీ. "నీ మాటే నిజమనుకో, అప్పుడు కూడా నువ్వు చేసేది తప్పే" అంటోంది. కోర్టులో మేం రోజూ వాడేది అదే. అంత పెద్ద సభలో, చదువు రాకుండా, అప్పటికప్పుడు. లా కాలేజీలో ఇది పట్టుబడడానికి నాకు రెండేళ్లు పట్టింది.

బొంకులదిబ్బ · ఫిబ్రవరి 22, రాత్రి 9:00

టీచర్ గారూ, తెలుగులో ఒకావిడ లేకుండా మీరు స్టేజీ ఎక్కితే నేనొప్పుకోను. బండారు అచ్చమాంబ, 1874లో పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు గారి అక్క. 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల వేసింది. ఆడవాళ్లకి బలం లేదు, బుద్ధి లేదు, చదివిస్తే చెడిపోతారు అన్నవన్నీ అబద్ధాలని చూపడానికే స్త్రీల చరిత్రలు పోగేసింది. అబల అని పేరు పెట్టి లోపల ఆ మాటనే చీల్చడం! 1902లో 'స్త్రీ విద్య' అని కథ రాసింది. మొగుడు జైలుకి వెళ్తూ, నువ్వు చదువుకుంటే మనం ఉత్తరాలు రాసుకోవచ్చు కదా అని భార్యని బతిమాలుతాడు. చదువు ఎందుకు అని అడిగేవాళ్లకి ఇంతకంటే దగ్గరి జవాబు నాకు కనపడలేదు. పాపం 1905లోనే పోయింది.

మొన్న నాగావళి గారు జాలికీ సమానత్వానికీ తేడా చెప్పాక నాలుగు రోజులు గింజుకున్నాను. అయినా కన్యాశుల్కంలో మధురవాణిని చూడండి, ఆ నాటకంలో మగవాళ్లందరి చెవులూ మెలిపెట్టేది ఆవిడే. అది జాలి కాదు. ఇంతవరకే ఒప్పుకుంటాను.

పలాస పప్పు · ఫిబ్రవరి 23, రాత్రి 11:40

ఎప్పుడూ చదవడమే తప్ప రాయను. ఇవాళ రాయాలనిపించింది. మా నాన్న పోయాక అన్నయ్యలు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పసుపు కుంకుమ కింద చీర పెట్టారు. చీర బాగానే ఉంది. ఆరు నెలలకి తెలిసింది, రెండెకరాల జీడితోటలో నా వాటా వదులుకున్నట్టు రాశారని. వదినగారు ఇప్పటికీ "ఆడపిల్లకి ఆస్తా" అంటుంది. మీటింగ్‌లో ఇది చెప్తారా టీచర్ గారూ?

నాగావళి · ఫిబ్రవరి 24, ఉదయం 7:15

అమ్మా, మీ కాగితం రిజిస్టర్ అయిందో లేదో, ఏ తేదీదో ముందు చూడాలి. పర్సనల్ మెసేజ్ పెట్టండి. శ్రీకాకుళం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా సలహా ఇస్తారు, నేనే తీసుకెళ్తాను.

మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా అని దేశంలో అందరికంటే ముందు చట్టం చేసినవాళ్లలో మనం ఉన్నాం. 1986లో చేశారు, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించింది. అప్పటికే పెళ్లయినవాళ్లకి మాత్రం వర్తించలేదు. 2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. ఆ కేంద్ర చట్టం అమల్లోకి వచ్చిన తేదీకి తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆడపిల్లకి ఆస్తి ఏమిటన్న మాటకి కాలం ఎప్పుడో చెల్లింది.

కవిటి కొబ్బరితోట · మార్చి 9, రాత్రి 8:45

అందరికీ పేరుపేరునా చెప్పాలి, ఓపిక లేదు, గొంతు పోయింది.

పూలాఁ గారి పేరు పలకలేక మానేశాను. తీర్పరీ వాదీ ఒకరే అన్న మాట మాత్రం చెప్పాను, గొల్లున నవ్వారు, ఎవర్ని తలుచుకుని నవ్వారో వాళ్లకే తెలియాలి. అచ్చమాంబ కథ చెప్తే ఒకమ్మాయి తన మొగుడు గుజరాత్ పోర్టులో పడవ మీద ఉంటాడని, వాట్సాప్‌లో వాయిస్ పెట్టడం తప్ప రాదని, ఇప్పుడు రాయడం నేర్పమని అడిగింది. రేపట్నుంచి సాయంత్రం వస్తుంది. మల్లీశ్వరి బరువులు చెప్పినప్పుడు చప్పట్లు కొట్టారు. ఆస్తి చట్టం చెప్పినప్పుడు ఎవరూ కొట్టలేదు, అందరూ కిందికి చూశారు. మీటింగ్ అయ్యాక ముగ్గురు విడివిడిగా వచ్చి నాగావళి గారి నంబరు తీసుకున్నారు.

పాత రాజాం గారు నిజంగానే తవ్వ పంపించారు. పాత న్యూస్‌పేపర్లో చుట్టి, చింతపండుతో తోమించి మరీ. బియ్యం పోసి సోజర్నర్ మాట చెప్పాను. కిందటేడు నిద్రపోయిన ముసలమ్మ ఈసారి ముందు వరసలో కూర్చుంది. లేచి వచ్చి నా చేతిలోంచి తవ్వ తీసుకుంది. బియ్యం గోపురంలా నిలబడేలా పోసింది. "మగోడి కూలికి ఇలగ కొలిసీవోరమ్మా" అంది. తర్వాత ఆ నల్లటి అరచెయ్యి అంచు మీద పెట్టి ఒక్క రాత రాసింది, పైనున్న బియ్యం అంతా చాప మీద పడింది.

"మాకేమో ఇలగ. అదే తవ్వ."